ఆహార ఎలర్జీ - పాఠశాలలో భద్రత

ఆహార ఎలర్జీ అనేది శరీరంలోని రోగ నిరోధక వ్యవస్థ ఒక ఆహారంలోని మాంసకృత్తును హానికరమైనదిగా పొరబడి దానిపై దాడి చేయడం వలన కలిగే స్థితి. ఇతరులకు బలమిచ్చే పాలు, కోడిగుడ్డు, వేరుశనగ వంటి పదార్థాలే ఎలర్జీ ఉన్నవారికి ఆపద తెచ్చిపెడతాయి. ఈ సమస్య చాలావరకు బాల్యంలోనే మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2021లో జరిపిన సర్వే ప్రకారం ఆ దేశపు పిల్లలలో 5.8 శాతం మందికి ఆహార ఎలర్జీ ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. బడి ఈడు పిల్లలు పగటి వేళలో ఎక్కువ భాగం తల్లిదండ్రులకు దూరంగా గడుపుతారు. అందువలన ఈ విషయంలో ఇంటికి ఎంత బాధ్యత ఉన్నదో పాఠశాలకు కూడా అంత బాధ్యత ఉన్నది.

ఎలర్జీ కలిగే విధానం

ఎలర్జీకి గురయ్యే స్వభావం ఉన్న వ్యక్తి శరీరంలో ఒక ఆహారపు మాంసకృత్తుకు వ్యతిరేకంగా ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ (ఐజీఈ) అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఇవి చర్మం, శ్వాసనాళాలు, పేగులలో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. ఈ దశలో బయటికి ఏ లక్షణమూ కనిపించదు. తరువాత అదే ఆహారం మళ్ళీ శరీరంలోకి వచ్చినప్పుడు ఆ మాంసకృత్తు ఈ ప్రతిరక్షకాలను తాకుతుంది. వెంటనే మాస్ట్ కణాలు హిస్టమిన్, మరికొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. రక్తనాళాలు వ్యాకోచించడం, చర్మం ఉబ్బడం, శ్వాసనాళాలు బిగుసుకుపోవడం ఈ రసాయనాల ప్రభావమే. కొందరిలో ఈ చర్యకు ఆహారపు అణుమాత్రం చాలు. అందుచేత "కొంచెమే కదా తిన్నది" అనే మాట ఎలర్జీ విషయంలో వర్తించదు.

ఎలర్జీ కానివి

ఆహారం పడకపోవడమంతా ఎలర్జీ కాదు. పాలలోని లాక్టోజు అనే చక్కెరను జీర్ణించుకునే ఎంజైము తక్కువగా ఉన్నవారికి పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. ఇది జీర్ణక్రియకు సంబంధించిన ఇబ్బందే గాని ప్రాణాపాయం కాదు. గోధుమలోని గ్లూటెన్ వలన పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి రోగ నిరోధక వ్యవస్థకు సంబంధించినదే అయినా అది ఐజీఈ ప్రతిరక్షకాల వలన కలిగే ఎలర్జీ కాదు. వంకాయ, గోంగూర వంటివి తింటే "వాతం చేస్తుంది", "దురద పెడుతుంది" అని ఇళ్ళలో చెప్పుకునే మాటలన్నీ ఎలర్జీకి నిదర్శనాలు కావు. అయితే వంకాయకు నిజమైన ఎలర్జీ ఉన్నవారిని కూడా భారతదేశంలో పరిశోధకులు గుర్తించారు. ఏది నిజమైన ఎలర్జీయో తేల్చవలసింది వైద్యుడే.

చరిత్ర

ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఛార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ 1902లో ఒక వింత విషయాన్ని గమనించారు. సముద్ర జీవి నుండి తీసిన విషాన్ని కొద్ది మోతాదులో ఒకసారి ఇచ్చిన కుక్కలకు, కొన్ని వారాల తరువాత మళ్ళీ అతి స్వల్పంగా ఇవ్వగా అవి నిమిషాలలో చనిపోయాయి. రక్షణ పెరగవలసింది పోయి ప్రమాదం పెరిగింది. ఈ స్థితికి వారు ఎనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఎలర్జీ అనే పదాన్ని ఆస్ట్రియా దేశపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే 1906లో ప్రవేశపెట్టాడు.

చేపలు పడని హైంజ్ కూస్ట్నర్ అనే వైద్యుని రక్తరసాన్ని కార్ల్ ప్రౌస్నిట్జ్ అనే శాస్త్రవేత్త తన చర్మంలోకి ఎక్కించుకుని, అక్కడ చేప సారాన్ని ఇంజెక్ట్ చేయగా దద్దురు లేచింది. 1921లో ప్రచురితమైన ఈ ప్రయోగంతో ఎలర్జీకి కారణమైనదేదో రక్తంలో ఉన్నదని తేలింది. అది ఐజీఈ ప్రతిరక్షకం అని 1960 దశకం రెండవ భాగంలో జపాను దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా అమెరికాలోను, జొహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రవేత్తలు స్వీడన్‌లోను విడివిడిగా కనుగొన్నారు.

ఎలర్జీ కలిగించే ఆహారాలు

ఏ ఆహారమైనా ఎలర్జీ కలిగించవచ్చు. అయినా తీవ్రమైన కేసులలో ఎక్కువ భాగానికి కొన్ని పదార్థాలే కారణం. అవి:

- ఆవుపాలు, పాల పదార్థాలు
- కోడిగుడ్డు
- వేరుశనగ
- జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు వంటి గింజలు
- చేపలు
- రొయ్యలు, పీతలు
- గోధుమ
- సోయా చిక్కుడు
- నువ్వులు

వేరుశనగ పప్పు జాతికి చెందినది, జీడిపప్పు చెట్టు కాయకు చెందినది. కనుక ఒకటి పడనివారికి రెండవది తప్పక పడదని చెప్పలేము. కాని రెండూ పడనివారు కూడా ఉన్నారు.

తెలుగువారి వంటలో

తెలుగువారి వంటలో ఈ పదార్థాలు అనేక రూపాలలో, కొన్నిసార్లు కంటికి కనబడకుండా ఉంటాయి. పల్లీ చట్నీలో వేరుశనగ ఉన్నదని అందరికీ తెలుసు. గుత్తి వంకాయ కూరలోను, హైదరాబాదు బిర్యానీతో వడ్డించే మిర్చీ కా సాలన్‌లోను వేరుశనగ, నువ్వులు నూరి కలుపుతారన్నది వండినవారికే తెలుస్తుంది. పులిహోరలో పల్లీలు, పొంగలిలోను ఉప్మాలోను జీడిపప్పు, మజ్జిగ పులుసులో పెరుగు, అరిసెలపై నువ్వులు సాధారణం. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలలో గోధుమ పిండి లేక మైదా కలుస్తుంది. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపుగా ఉండదు, కాని గానుగలో ఆడించిన నూనెలో ఉండే అవకాశం ఉన్నది. వేరుశనగ వేయించిన మూకుడులోనే మరొకటి వేయించినా, ఒకే గరిటెతో రెండు కూరలు వడ్డించినా పడని పదార్థం రెండవదానిలో కలిసిపోతుంది.

లక్షణాలు

ఎలర్జీ లక్షణాలు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపు కనిపిస్తాయి. స్వల్పమైన చర్యలో నోటిలో దురద, పెదవుల వాపు, ఒంటిమీద దద్దుర్లు, కడుపు నొప్పి, వాంతి ఉండవచ్చు.

తీవ్రమైన చర్యను ఎనాఫిలాక్సిస్ అంటారు. ఇందులో గొంతు పూడుకుపోవడం, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరి అందకపోవడం, ముఖం పాలిపోవడం, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం జరుగుతాయి. దద్దుర్లు లేకుండా కూడా ఎనాఫిలాక్సిస్ రావచ్చు. బ్రిటన్‌లో మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆహారం వలన మరణించినవారిలో తిన్నప్పటి నుండి శ్వాస లేక గుండె ఆగేవరకు పట్టిన మధ్యస్థ సమయం సుమారు 30 నిమిషాలు. ఇటువంటి మరణాలు అరుదు. అయితే ఉబ్బసం ఉన్నవారిలోను, యుక్తవయసు పిల్లలలోను ప్రమాదం ఎక్కువ.

చిన్న పిల్లలు తమ బాధను వేరు మాటలలో చెబుతారు. "నాలుక మండుతోంది", "గొంతులో ఏదో ఇరుక్కుంది", "నోట్లో చీమలు పాకుతున్నాయి" అనే మాటలు, ఊరకే నాలుకను గీరుకోవడం ఎలర్జీ మొదలవుతున్నదనడానికి గుర్తులు కావచ్చు.

నిర్ధారణ

ఏమి తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది అనే వివరాలే నిర్ధారణకు మూలం. తరువాత చర్మంపై ఆహార సారపు చుక్క వేసి సూదితో గుచ్చి చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష చేస్తారు. సందేహం ఉంటే ఆసుపత్రిలో వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా ఆ ఆహారాన్ని తినిపించి చూస్తారు. అన్నిటిలో నమ్మదగినది ఈ చివరి పద్ధతే. దీనిని ఇంటి వద్ద ప్రయత్నించరాదు.

పరీక్షలో ఐజీఈ కనిపించినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్లు కాదు. కర్ణాటకలో పెద్దలపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించగా, ఎలర్జీ ఉన్నట్లు భావించదగినవారు 1.2 శాతం మాత్రమే. పరీక్ష కాగితం ఒక్కటే చూసి పిల్లల భోజనంలోంచి పాలు, గుడ్లు, పప్పులు తీసివేస్తే పోషకాహార లోపం కలుగుతుంది.

వయసుతో వచ్చే మార్పులు

పాలు, గుడ్డు, గోధుమ ఎలర్జీలు చాలామంది పిల్లలలో ఎదిగేకొద్దీ తగ్గిపోతాయి. వేరుశనగ, గింజలు, చేపలు, రొయ్యల ఎలర్జీలు ఎక్కువగా జీవితాంతం నిలుస్తాయి. వేరుశనగ ఎలర్జీ సుమారు అయిదుగురిలో ఒకరికి మాత్రమే తగ్గుతుంది.

పిల్లవాడు పెరిగేకొద్దీ జాగ్రత్త పడే బాధ్యత తల్లిదండ్రుల నుండి అతనికి మారుతుంది. అయిదారేళ్ళ వయసులో "అమ్మను అడగకుండా ఎవరు ఇచ్చినా తినకూడదు" అనే ఒక్క నియమం చాలు. పది సంవత్సరాలకు పొట్లంపై ఉన్న పదార్థాల జాబితా చదవడం, వడ్డించేవారిని అడగడం రావాలి. యుక్తవయసులో చిక్కు వేరు. స్నేహితుల ముందు అడగడానికి సిగ్గు, మందు వెంట ఉంచుకోవడానికి బద్ధకం, బయటి తిండిపై మోజు కలిసి ప్రమాదాన్ని పెంచుతాయి. ఈ వయసులో భయపెట్టడం కంటే, మందు వాడే పద్ధతిని పిల్లల చేతనే అభ్యాసం చేయించి, ఒకరిద్దరు స్నేహితులకు కూడా నేర్పించడం మేలు.

పాఠశాలలలో జరిగిన సంఘటనలు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2003 సెప్టెంబరులో సబ్రినా షానన్ అనే 13 ఏళ్ళ బాలిక పాఠశాల క్యాంటీనులో బంగాళదుంప వేపుడు తిన్నది. ఆమెకు పాల పదార్థాలు పడవు. వేపుడులో పాలు లేవు, కాని దానిని తీసిన పట్టకారుతోనే అంతకుముందు జున్నుగడ్డ తీశారని తరువాత భావించారు. ఊపిరి ఆడకపోవడాన్ని ఆమె తన ఉబ్బసం అనుకున్నది. మందు ఆమె అల్మరాలో ఉన్నది. దానిని తెచ్చేలోపే ఆమె కుప్పకూలిపోయింది, ఆపై మరణించింది.

జపానులో టోక్యో పరిధిలోని చోఫు నగరంలో 2012 డిసెంబరులో ఇటువంటిదే మరొక విషాదం జరిగింది. పాలు పడని అయిదవ తరగతి బాలికకు ఆనాటి మధ్యాహ్న భోజనంలో జున్ను లేకుండా విడిగా చేసిన అట్టు పెట్టారు. అంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. ఆమె మారు వడ్డన అడిగినప్పుడు మాత్రం అందరికీ చేసిన అట్టు, అంటే జున్ను పొడి కలిపినది, వేశారు. లక్షణాలు కనిపించిన తరువాత కూడా సూదిమందు వెంటనే వేయలేదు. ఆ బాలిక బ్రతకలేదు.

ఈ రెండింటిలోను ఎలర్జీ ఉన్నదని పాఠశాలకు తెలుసు. మందు కూడా పాఠశాలలోనే ఉన్నది. లోపించినవి రెండు: పదార్థం కలిసిపోకుండా చూసే ఏర్పాటు, మందు వెంటనే వేయాలనే నిశ్చయం.

చట్టాలు

ఒంటారియో శాసనసభ 2005లో ఆమోదించిన చట్టం సబ్రినా చట్టం పేరుతో 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రతి పాఠశాల బోర్డుకు ఎనాఫిలాక్సిస్ విధానం ఉండాలి, సిబ్బందికి క్రమం తప్పక శిక్షణ ఇవ్వాలి, ప్రమాదం ఉన్న ప్రతి విద్యార్థికి విడి ప్రణాళిక ఉండాలి. జపానులో విద్యా మంత్రిత్వ శాఖ 2015లో పాఠశాల భోజనాలకు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. అమెరికాలో 2013 నాటి చట్టం పాఠశాలలు ఎపినెఫ్రిన్ నిల్వ ఉంచుకోవడాన్ని ప్రోత్సహించింది. బ్రిటన్‌లో 2017 అక్టోబరు 1 నుండి పాఠశాలలు వైద్యుని చీటీ లేకుండానే ఈ మందును అత్యవసరం కొరకు కొని ఉంచుకోవచ్చు.

భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం పొట్లాలలో అమ్మే ఆహారంపై గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, గింజలు, సోయా, నిర్ణీత పరిమాణం మించిన సల్ఫైటుల పేర్లను విడిగా తెలపాలి. ఆ జాబితాలో నువ్వులు, శనగలు లేవు. కనుక అవి పడనివారు పదార్థాల పట్టిక మొత్తం చదువుకోవాలి.

పాఠశాలలో తీసుకోవలసిన జాగ్రత్తలు

- బడిలో చేర్చేటప్పుడే తల్లిదండ్రులు ఎలర్జీ వివరాలను వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ పదార్థం పడదు, ఏ లక్షణాలు వస్తాయి, ఏ మందు ఎంత వేయాలి, ఎవరికి ఫోను చేయాలి అనేవి ఒకే పుటలో, పిల్లల ఫోటోతో సహా ఉండాలి. దానిపై వైద్యుని సంతకం ఉండాలి.
- ఆ పుట తరగతి ఉపాధ్యాయునికే గాక వంట చేసేవారికి, బస్సులోని ఆయాకు, ఆటల మాస్టారుకు కూడా తెలియాలి. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయునికి మొదటి రోజే చెప్పాలి.
- మందును తాళం వేసిన బీరువాలో ఉంచరాదు. విహార యాత్రలకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళాలి. గడువు తేదీని అప్పుడప్పుడు చూడాలి.
- పిల్లలు భోజనం డబ్బాలు, చెంచాలు, నీళ్ళ సీసాలు మార్చుకోకుండా చూడాలి.
- తినే ముందు, తిన్న తరువాత సబ్బు, నీటితో చేతులు కడుక్కోవాలి. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సబ్బు, తడి తుడుపు కాగితాలు వేరుశనగ మాంసకృత్తును తొలగించగా, చేతులకు రాసుకునే క్రిమినాశక జెల్ తొలగించలేకపోయింది.
- ఎలర్జీ ఉన్న పిల్లలకు విడి గిన్నె, విడి గరిటె ఉంచాలి. వారికే ముందుగా వడ్డించాలి. మారు వడ్డన కూడా అదే గిన్నె నుండి జరగాలి.
- పుట్టినరోజున పంచే చాక్లెట్లు, పండుగలలో పెట్టే ప్రసాదం విషయంలో ముందుగా తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఆ పిల్లవాని కోసం ఇంటి నుండి తెచ్చిన మిఠాయిల డబ్బా తరగతిలో ఉంచితే పంపకం వేళ అతడు ఖాళీ చేతులతో ఉండడు.

బడి అంతటా ఒక పదార్థాన్ని నిషేధించడం మంచిదా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వివిధ దేశాల నిపుణులు కలిసి 2021లో ప్రచురించిన మార్గదర్శకాలు నిషేధం కంటే సిబ్బంది శిక్షణకు, ప్రణాళికలకు, మందు నిల్వకు ప్రాధాన్యం ఇచ్చాయి. నిషేధం ఉన్నదన్న ధీమాతో జాగ్రత్త సడలడం కూడా జరుగుతుంది.

ఆపద సమయంలో చేయవలసినది

ఎనాఫిలాక్సిస్‌కు మొదటి మందు ఎపినెఫ్రిన్. దీనినే ఎడ్రినలిన్ అని కూడా అంటారు. దీనిని తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. చాలా దేశాలలో దీనిని నొక్కితే చాలు సూది దిగే పెన్ను రూపంలో, 0.15, 0.3 మిల్లీగ్రాముల మోతాదులలో వాడతారు. అమెరికాలో ముక్కులో కొట్టే రూపాన్ని 2024లో ఆమోదించారు. భారతదేశంలో పెన్నుల లభ్యత తక్కువ. మందు ఆంపూలు చవకగా దొరుకుతుంది, కాని దానిని సిరంజిలోకి తీయడం శిక్షణ పొందినవారే చేయాలి. అందువలన దగ్గరలోని ఆసుపత్రి ఏది, ఎంత దూరం అన్నది ముందే తెలుసుకుని ఉండడం ఇక్కడి పాఠశాలలకు మరింత అవసరం.

1. లక్షణాలు తీవ్రంగా ఉంటే ఉబ్బసమా, ఎలర్జీయా అని తేల్చుకుంటూ కాలయాపన చేయక, ప్రణాళికలో వ్రాసిన ప్రకారం ఎపినెఫ్రిన్ ఇవ్వాలి.
2. వెంటనే 108కి ఫోను చేసి ఎనాఫిలాక్సిస్ అని చెప్పాలి.
3. పిల్లవానిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వవచ్చు. నిలబెట్టడం, నడిపించడం చేయరాదు. మందును ఆ పిల్లవాని వద్దకే తేవాలి గాని అతనిని మందు ఉన్న గదికి నడిపించరాదు.
4. 5 నుండి 15 నిమిషాలలో తగ్గకపోతే రెండవ మోతాదు అవసరం కావచ్చు.
5. తగ్గినట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కొందరిలో కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరిగి వస్తాయి.

దద్దుర్లకు వాడే యాంటీహిస్టమిన్ మాత్రలు దురదను తగ్గిస్తాయి గాని ఎనాఫిలాక్సిస్‌ను ఆపలేవు. నీళ్ళు తాగించడం, బలవంతంగా వాంతి చేయించడం, మజ్జిగ పట్టడం వలన విలువైన సమయం వృథా అవుతుంది.

మధ్యాహ్న భోజన పథకం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనంతో కోడిగుడ్డు ఇస్తున్నారు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020లో మార్చిన పట్టికలో వేరుశనగ, బెల్లంతో చేసిన చిక్కీ కూడా చేరింది. పేద పిల్లలకు ఇవి మాంసకృత్తులు, ఇనుము అందించే మంచి ఆహారాలు. ఎలర్జీ ఉన్న ఒకరిద్దరి కోసం వీటిని అందరికీ ఆపవలసిన పని లేదు. గుడ్డు వద్దన్న పిల్లవాడు మారాం చేస్తున్నాడా, నిజంగా పడదా అని విచారించడం, పడనివారి పేర్లు వంటగది గోడపై వ్రాసి ఉంచడం పాఠశాల చేయగల పనులు. "తింటే అలవాటవుతుంది" అని బలవంతంగా తినిపించడం మాత్రం ప్రమాదకరం.

తోటి పిల్లలు

అమెరికాలో 2010లో ప్రచురితమైన ఒక సర్వేలో ఆహార ఎలర్జీ ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మంది ఆ కారణంగా గేలికి, వేధింపుకు గురయ్యారని తేలింది. కొందరిపైకి పడని పదార్థాన్ని విసరడం, ముఖం ముందు ఆడించడం వంటివి జరిగాయి. ఇది ఆకతాయితనం కాదు, ప్రాణాపాయం. ఎలర్జీ ఉన్న పిల్లలను భోజన వేళ ఒంటరిగా కూర్చోబెట్టడం కూడా శిక్షలాగే ఉంటుంది. పడని పదార్థం తెచ్చుకోని స్నేహితులతో కలిపి కూర్చోబెట్టడం మంచి పద్ధతి. తరగతిలో ఒకసారి విషయం వివరిస్తే, ఆపద వచ్చినప్పుడు మొదట గుర్తించి ఉపాధ్యాయుని వద్దకు పరుగెత్తేది చాలాసార్లు తోటి పిల్లలే.

నివారణ, చికిత్స

ఎలర్జీ రాకుండా పసిపిల్లలకు వేరుశనగ పెట్టకూడదని ఒకప్పుడు కొన్ని దేశాలలో వైద్యులు సలహా ఇచ్చేవారు. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లోని యూదు పిల్లలలో వేరుశనగ ఎలర్జీ ఇజ్రాయిల్ పిల్లలలో కంటే సుమారు పది రెట్లు ఎక్కువ ఉన్నట్లు తేలింది. ఇజ్రాయిల్‌లో పసిపిల్లలు వేరుశనగతో చేసిన చిరుతిండిని తొలి ఏడాదిలోనే తింటారు. ఈ ఆధారంతో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లలపై జరిపిన ప్రయోగ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 4 నుండి 11 నెలల వయసులో వేరుశనగ తినడం మొదలుపెట్టిన వారిలో ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. దీనితో పాత సలహా మారిపోయింది. అయితే పసిపిల్లలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి కనుక మెత్తగా చేసి మాత్రమే పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమా లేక గుడ్డు ఎలర్జీ ఉన్న పిల్లల విషయంలో ముందుగా వైద్యుని సంప్రదించాలి.

వేరుశనగను అతి స్వల్పంగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ శరీరానికి అలవాటు చేసే ఒక మందును అమెరికా 2020లో ఆమోదించింది. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ అనే సూదిమందును 2024లో ఆహార ఎలర్జీకి కూడా అనుమతించింది. ఇవి పొరపాటున కొద్దిగా తిన్నప్పుడు కలిగే చర్య తీవ్రతను తగ్గించడానికే గాని, ఆ ఆహారాన్ని స్వేచ్ఛగా తినడానికి కాదు. ఈ చికిత్సలు పొందుతున్న పిల్లలు కూడా పడని ఆహారానికి దూరంగా ఉండాలి, ఎపినెఫ్రిన్‌ను దగ్గర ఉంచుకోవాలి.